చిన్న టార్కులు, వేర్వేరు కొలమానాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం బెంగళూరులో పనిచేస్తున్న, చదువుకుంటున్న తెలుగువారివే. పీణ్యలోనూ బొమ్మసంద్రలోనూ అమెరికా కొనుగోలుదారు పంపిన డ్రాయింగు, జపాన్‌లో తయారైన పనిముట్టు, మన న్యూటన్-మీటర్ల రిజిస్టరు ఒకే బల్ల మీద ఉంటాయి కనుక, ఒకే బిగింపును మూడు రకాల అంకెల్లో చదవవలసిన అవసరం అక్కడివారికి తరచుగా వస్తుంది. అందరూ అడిగినది ఒక న్యూటన్-మీటరు లోపల ఉండే, లేదా దానికి దగ్గరగా ఉండే చిన్న టార్కుల, అంటే తిప్పే బలపు కొలతల, గురించే కాబట్టి ఆ ప్రశ్నలన్నిటికీ ఇక్కడ ఒకేచోట జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము ఒక చిన్న యూనిట్‌లో కంట్రోల్ ప్యానెళ్లకు బోర్డులు బిగిస్తాము. అమెరికా కొనుగోలుదారు డ్రాయింగులో స్క్రూల బిగింపు టార్క్ 5 పౌండు-అంగుళాలు, అటూ ఇటూ 0.5 వరకు ఉండవచ్చు అని రాశారు. మా టార్క్ స్క్రూడ్రైవర్ మీద కేజీ-సెంటీమీటర్ల స్కేలు ఉంది. మా కుర్రాళ్లు దాన్ని 5 దగ్గర పెట్టి బిగించారు. కొనుగోలుదారు తరఫున వచ్చిన తనిఖీ అధికారి అదే స్క్రూడ్రైవరును తన టెస్టరు మీద పరీక్షిస్తే 4.3 చూపించింది. సరుకు ఆపేశారు. స్క్రూడ్రైవర్ పాడైందా, లేక మా లెక్కే తప్పా?
— ఒక సూపర్‌వైజర్, పీణ్య

జవాబు: మీ స్క్రూడ్రైవర్ పాడైందనడానికి ఈ అంకెల్లో ఆధారమేమీ లేదు. అది సరిగ్గా పనిచేస్తోందనే ఇవి చెబుతున్నాయి. 5 కేజీ-సెంటీమీటర్లు అంటే 4.34 పౌండు-అంగుళాలు, తనిఖీ అధికారి టెస్టరు చూపించిన 4.3 అదే. పొరపాటు స్కేలు మీది అంకెను డ్రాయింగులోని అంకెతో నేరుగా పోల్చడంలో జరిగింది.

టార్క్ అంటే బలాన్ని, ఇరుసు నుంచి ఆ బలం పనిచేసే చోటుకు ఉన్న దూరంతో గుణించగా వచ్చేది. కాబట్టి ఏ యూనిట్‌నైనా ముందు బలం, దూరం అనే రెండు ముక్కలుగా విడదీసి, ఒక్కొక్కదాన్ని విడివిడిగా మార్చి, తిరిగి గుణించాలి. ఒక పౌండు 0.45359237 కిలోగ్రాములు, ఒక అంగుళం 2.54 సెంటీమీటర్లు. 1959లో అమెరికా, బ్రిటన్, మరికొన్ని దేశాలు కలిసి కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఇవి నిర్వచించిన విలువలు కనుక ఇందులో ఉజ్జాయింపు ఏమీ లేదు. రెండింటినీ గుణిస్తే 1.1521 వస్తుంది. అంటే ఒక పౌండు-అంగుళం 1.1521 కేజీ-సెంటీమీటర్లు. ఈ మార్పిడిలో గురుత్వాకర్షణ ప్రసక్తే రాలేదని గమనించండి. రెండు వైపులా ఉన్నది బరువే కనుక అది ఎగిరిపోతుంది. న్యూటన్లలోకి వెళ్లేటప్పుడు మాత్రం ఒక కిలోగ్రాము బరువును 9.80665 న్యూటన్లుగా తీసుకోవాలి. ఆ లెక్కన ఒక కేజీ-సెంటీమీటరు 0.0980665 న్యూటన్-మీటర్లు, ఒక పౌండు-అంగుళం 0.112985 న్యూటన్-మీటర్లు అవుతాయి.

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసినది ఆ 1.15 అన్న అంకెనే. అడుగు-పౌండును అంగుళం-పౌండుగా చదివితే పన్నెండు రెట్ల తేడా వస్తుంది. స్క్రూ విరుగుతుంది, లేదా చేతికే వదులుగా తగులుతుంది. పొరపాటు ఆ పూటే బయటపడుతుంది. కేజీ-సెంటీమీటరుకూ పౌండు-అంగుళానికీ మధ్య తేడా పదిహేను శాతమే కనుక చేతికి తెలియదు, కంటికి కనబడదు, బోర్డు ఆ రోజుకు పనిచేస్తూనే ఉంటుంది. చాలా స్క్రూడ్రైవర్ల మీద ఈ రెండు స్కేళ్లూ పక్కపక్కనే చెక్కి ఉంటాయి, అంకెలు కూడా ఇంచుమించు ఒకే ఎత్తులో కనిపిస్తాయి. మీ లైనులో వాడని స్కేలు మీద టేపు అంటించి మూసివేయించండి. మాకు తెలిసినంతలో ఇంతకన్నా చవకైన, నమ్మకమైన ఉపాయం లేదు.

ఇక మీరు వాడవలసిన విలువలు చూద్దాం. మధ్య విలువను మార్చి, అటూ ఇటూ ఉన్న అంతరాన్ని కళ్లతో అంచనా వేయడం సరికాదు. కింది హద్దును, పై హద్దును విడివిడిగా మార్చాలి. 4.5 పౌండు-అంగుళాలు 5.185 కేజీ-సెంటీమీటర్లు, 5.5 పౌండు-అంగుళాలు 6.337. వీటిని ఒక దశాంశానికి కుదించేటప్పుడు మామూలు పద్ధతిలో కాక లోపలి వైపుకు, అంటే కింది హద్దును పైకి, పై హద్దును కిందికి కుదించండి. అప్పుడు మీ హద్దులు 5.2 నుంచి 6.3 వరకు అవుతాయి. మధ్య విలువ 5.76 కనుక స్కేలు మీద 5.8 దగ్గర పెట్టించండి. రిజిస్టరులో న్యూటన్-మీటర్లు రాసేటట్లయితే అవే హద్దులు 0.51 నుంచి 0.62 వరకు, మధ్య విలువ 0.565.

చేతి టార్క్ స్క్రూడ్రైవర్లకు ఐఎస్‌ఓ 6789 ప్రమాణం అటూ ఇటూ 6 శాతం వరకు తేడాను అనుమతిస్తుంది. దీన్ని కూడా కలిపి చూసినప్పుడే కుదింపు ఎంత ప్రమాదమో తెలుస్తుంది. 5.76ను గుండు అంకె చేసి 6 దగ్గర పెట్టారనుకోండి. ప్రమాణానికి లోబడి ఉన్న స్క్రూడ్రైవరే 6.36 వరకు పోవచ్చు, అది పై హద్దు దాటినట్టే. న్యూటన్-మీటర్లలో "అర" అని 0.5 దగ్గర పెడితే అది 4.43 పౌండు-అంగుళాలు, పనిముట్టు తప్పు ఏమీ లేకుండానే కింది హద్దుకు దిగువ. పోనీ 0.6 అంటే, ఆరు శాతం కలిపినప్పుడు పై హద్దు దాటుతుంది. అదే 5.8 దగ్గర పెడితే పనిముట్టు అటూ ఇటూ ఊగినా 5.45 నుంచి 6.15 లోపలే ఉంటుంది. పెద్ద బోల్టుల విషయంలో ఎవరూ పట్టించుకోని రెండో దశాంశం ఇంత చిన్న టార్కుల దగ్గర సరుకును ఆపగలదు.

ఆపిన సరుకు సంగతి కూడా రాశారు కనుక ఒక మాట. 5 దగ్గర బిగించిన స్క్రూను ఉన్నచోటనే 5.8తో మళ్లీ బిగించాలని చూస్తే, నిలిచి ఉన్న స్క్రూను కదిలించడానికి కావలసిన ఘర్షణ వల్ల అది ఏమాత్రం తిరగకుండానే స్క్రూడ్రైవర్ టక్కుమని వదిలేయవచ్చు. పావు చుట్టు వదులు చేసి తిరిగి బిగించడం మంచిది. మర వదులుకాకుండా జిగురు వేసిన స్క్రూలైతే అలా చేయకూడదు. ఏ పద్ధతైనా కొనుగోలుదారు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకనే మొదలుపెట్టండి. అలాగే, బిగించిన స్క్రూను విప్పేటప్పుడు పట్టిన టార్కును బిగింపు టార్కుకు రుజువుగా చూపవద్దు. ఆ రెండూ ఒకటి కావు.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థినిని. రోబో చేయి ప్రాజెక్టు కోసం ఎస్.పి. రోడ్‌లో చిన్న నీలం రంగు సర్వో మోటారు కొన్నాము. దాని కాగితంలో టార్క్ 1.8 కేజీ/సెంటీమీటరు అని ఉంది. మా గైడ్ సూచించిన స్టెప్పర్ మోటారు వివరాల్లో 60 ఔన్సు-అంగుళాలు అని ఉంది. రెండింటినీ ఎలా పోల్చాలి? మా చేయి పొడవు 15 సెంటీమీటర్లు, చివర 100 గ్రాముల వస్తువును ఎత్తాలి.
— ఒక విద్యార్థిని, యలహంక

జవాబు: అమ్మా, ముందు ఆ అడ్డగీత సంగతి తేల్చుకోండి. కేజీకీ సెంటీమీటరుకూ మధ్య భాగహారపు గీత పెట్టడం తప్పు. అది గుణకారం. కేజీని సెంటీమీటరుతో భాగిస్తే వచ్చేది స్ప్రింగు బిరుసుతనం వంటి వేరే రాశి. అమ్మకపు కాగితాల్లో ఈ తప్పు విపరీతంగా కనిపిస్తుంది, మీ ప్రాజెక్టు నివేదికలోకి మాత్రం దాన్ని రానివ్వకండి. 1.8 కేజీ-సెంటీమీటర్లు అంటే ఇరుసు నుంచి 1 సెంటీమీటరు దూరంలో 1.8 కిలోగ్రాముల బరువును, 10 సెంటీమీటర్ల దూరంలో 180 గ్రాముల బరువును నిలబెట్టగలిగిన టార్క్. న్యూటన్-మీటర్లలో అది 0.1765.

ఔన్సు అంటే పౌండులో పదహారో వంతు, అంటే 28.35 గ్రాములు. దాన్ని 2.54తో గుణిస్తే ఒక ఔన్సు-అంగుళం 72 గ్రాము-సెంటీమీటర్లు అవుతుంది. న్యూటన్లలో చెప్పాలంటే 7.0616 మిల్లీన్యూటన్-మీటర్లు. 72 అన్న అంకె దాదాపు కచ్చితంగానే పూర్ణాంకం కనుక నోటి లెక్కకు బాగా పనికివస్తుంది. 60 ఔన్సు-అంగుళాలు 4,320 గ్రాము-సెంటీమీటర్లు, అంటే 4.32 కేజీ-సెంటీమీటర్లు, 0.424 న్యూటన్-మీటర్లు. మీ సర్వో 1.8 అంటే 25 ఔన్సు-అంగుళాలు. అంకెలను బట్టి స్టెప్పర్ రెండున్నర రెట్లకు కొంచెం తక్కువ బలమైనది.

అయితే ఈ రెండు అంకెలూ ఒకే స్థితిని చెప్పేవి కావు. సర్వో కాగితంలో ఇచ్చేది, సాధారణంగా, తిరగకుండా బిగుసుకుపోయిన క్షణంలోని గరిష్ఠ టార్క్, అదీ ఒక నిర్దిష్ట వోల్టేజి దగ్గర. ఈ రకం చిన్న సర్వోలకు చెప్పే 1.8 అన్నది 4.8 వోల్టుల దగ్గరిది. స్టెప్పరుకు ఇచ్చేది కరెంటు ప్రవహిస్తూ నిలిచి ఉన్నప్పుడు పట్టి ఉంచే టార్క్; వేగం పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. యూనిట్లు మార్చినంత మాత్రాన ఈ తేడా పోదు.

ఇప్పుడు మీ చేయి లెక్క. చివర ఉన్న 100 గ్రాములను 15 సెంటీమీటర్లతో గుణిస్తే 1,500 గ్రాము-సెంటీమీటర్లు. చేయి బరువును చాలామంది మరచిపోతారు. అది 60 గ్రాములు అనుకుంటే, ఆ బరువు మధ్యలో, అంటే 7.5 సెంటీమీటర్ల దగ్గర పనిచేస్తుంది కనుక మరో 450 కలుస్తాయి. మొత్తం 1,950 గ్రాము-సెంటీమీటర్లు, అంటే 1.95 కేజీ-సెంటీమీటర్లు. చేయి అడ్డంగా ఉన్నప్పుడు పడే భారం ఇదే, అన్ని స్థితుల్లోకీ ఇదే ఎక్కువ. మీ 1.8 సర్వో దీన్ని నిలబెట్టలేదు, కదిలించడం అసలే సాధ్యం కాదు. కావలసినదానికి కనీసం రెండు రెట్లున్న మోటారు తీసుకోండి. లోహపు పళ్లచక్రాలున్న ఎంజీ996ఆర్ రకానికి 4.8 వోల్టుల దగ్గర 9.4 కేజీ-సెంటీమీటర్లు చెబుతారు, అది మీకు ధారాళంగా సరిపోతుంది. ఆ రకం సర్వో పీల్చే కరెంటు కూడా ఎక్కువే కనుక దానికి విడిగా సరఫరా ఏర్పాటు చేసుకోండి, మైక్రోకంట్రోలర్ బోర్డు నుంచి ఇవ్వవద్దు.

మోటారు వివరాల్లో ఔన్సు-అంగుళం పక్కనే, అంగుళం మీద వర్గం గుర్తుతో మరో అంకె ఉండవచ్చు. అది జడత్వానికి సంబంధించినది, టార్క్ కాదు. తొందరలో ఒకదానికొకటి తీసుకోకుండా చూసుకోండి.

ప్రశ్న: మా ల్యాబులో ద్రవాల చిక్కదనాన్ని కొలిచే విస్కోమీటర్ పూర్తి స్కేలు టార్క్ 673.7 డైన్-సెంటీమీటర్లు అని పుస్తకంలో ఉంది. ఆడిటరు దాన్ని ఎస్‌ఐ (అంతర్జాతీయ కొలతల పద్ధతి) యూనిట్లలో రాయమన్నారు. ఎంత రాయాలి?
— ఒక పాఠకురాలు, బొమ్మసంద్ర

జవాబు: ఒక డైన్-సెంటీమీటరు న్యూటన్-మీటరులో కోటో వంతు. డైన్ న్యూటన్‌లో లక్షో వంతు, సెంటీమీటరు మీటరులో వందో వంతు కనుక ఇది కచ్చితమైన సంబంధం. మీ పరికరం పూర్తి స్కేలు 0.06737 మిల్లీన్యూటన్-మీటర్లు, లేదా 67.37 మైక్రోన్యూటన్-మీటర్లు. మైక్రోలో రాస్తే సున్నాల గొడవ ఉండదు కనుక దాన్నే సూచిస్తాము. ఇది ఎంత చిన్న టార్కో తెలియాలంటే, ఇరుసుకు ఒక సెంటీమీటరు దూరంలో వేలాడే 0.69 గ్రాముల బరువును ఊహించుకోండి.

మీ అంకెను బట్టి అది విస్కోమీటర్ల తయారీ సంస్థ బ్రూక్‌ఫీల్డ్ వారి ఎల్‌వీ శ్రేణి స్ప్రింగు. అదే సంస్థ ఆర్‌వీ శ్రేణిలో పూర్తి స్కేలు 7,187 డైన్-సెంటీమీటర్లు, అంటే 718.7 మైక్రోన్యూటన్-మీటర్లు. రెండు పరికరాలూ ఒకే ల్యాబులో ఉంటే ఏ శాతం ఏ పరికరానిదో రాసి ఉంచడం తప్పనిసరి. ఎందుకంటే తెర మీద కనబడే 50 శాతం, అంటే పూర్తి స్కేలులో సగం, రెండింటిలోనూ ఒకే టార్క్ కాదు, పదిన్నర రెట్లకు పైగా తేడా ఉంటుంది. పరికరపు కచ్చితత్వాన్ని పూర్తి స్కేలులో 1 శాతంగా చెబుతారు కనుక, 10 శాతం దగ్గర తీసిన రీడింగులో ఆ 6.7 డైన్-సెంటీమీటర్ల అనిశ్చితి రీడింగులోనే పదో వంతు అవుతుంది. ఆడిట్ కోసం యూనిట్ మార్చేటప్పుడు అనిశ్చితిని కూడా వెంట మార్చి రాయండి.

ప్రశ్న: మా వర్క్‌షాపులో టార్క్ స్క్రూడ్రైవర్లను నెలకోసారి మేమే సరిచూసుకోవాలనుకుంటున్నాము. 10 సెంటీమీటర్ల అడ్డుపట్టీకి 500 గ్రాముల తూకపు రాయి వేలాడదీస్తే 5 కేజీ-సెంటీమీటర్లు వస్తుంది కదా? దాన్ని న్యూటన్-మీటర్లలోకి మార్చేటప్పుడు 9.80665 వాడాలా, 9.81 వాడాలా?
— ఒక వర్క్‌షాపు యజమాని, రాజాజీనగర్

జవాబు: మీ ప్రశ్న చాలా బాగుంది. జవాబు మాత్రం మీరిచ్చిన రెండు అంకెల్లోనూ లేదు.

9.80665 అన్నది 1901లో తూనికలు, కొలతల అంతర్జాతీయ సర్వసభ్య సమావేశం ప్రామాణికంగా నిర్ణయించిన విలువ. ఒక కాగితం మీది కేజీ-సెంటీమీటర్లను న్యూటన్-మీటర్లుగా మార్చేటప్పుడు ఎక్కడ ఉన్నవారైనా దీన్నే వాడాలి. మీరు చేయబోతున్నది అది కాదు. మీరు నిజమైన రాయిని నిజంగా వేలాడదీస్తున్నారు. దాన్ని లాగేది బెంగళూరు నేల కనుక ఇక్కడి గురుత్వాకర్షణనే తీసుకోవాలి. భూమధ్యరేఖకు 13 డిగ్రీల దూరంలో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్న బెంగళూరులో అది 9.78కి దగ్గరగా ఉంటుంది. మీ 500 గ్రాముల రాయి 10 సెంటీమీటర్ల దగ్గర ఇక్కడ కలిగించే టార్క్ 0.4890 న్యూటన్-మీటర్లు, ప్రామాణిక విలువతో లెక్కిస్తే 0.4903 వచ్చేది. తేడా 0.27 శాతం. ఆరు శాతం అనుమతి ఉన్న స్క్రూడ్రైవరుకు ఇది పెద్ద విషయం కాదు. ఒక శాతం లోపు కచ్చితత్వం ఆశించే టెస్టరును సరిచూస్తున్నట్లయితే లెక్కలోకి తీసుకోవలసిందే. చెన్నైలో ఇదే ఏర్పాటు పెట్టుకున్నవారికి, సముద్రమట్టం దగ్గరే ఉన్నారు కనుక, తేడా 0.24 శాతం.

అయితే గురుత్వాకర్షణ కన్నా మీ అడ్డుపట్టీ ఎక్కువ తప్పు తెస్తుంది. పది సెంటీమీటర్లలో అర మిల్లీమీటరు పొరపాటు పడితే అర శాతం పోయింది, అంటే గురుత్వాకర్షణ తేడాకు దాదాపు రెట్టింపు. దూరాన్ని ఇరుసు మధ్య నుంచి దారం వేలాడే గాడి దాకా వెర్నియర్‌తో కొలవండి, స్కేలుతో కాదు. పట్టీ సరిగ్గా అడ్డంగా లేకుండా 5 డిగ్రీలు వంగితే 0.4 శాతం, 10 డిగ్రీలు వంగితే 1.5 శాతం టార్క్ తగ్గుతుంది. స్క్రూడ్రైవర్ తిరుగుతున్నకొద్దీ పట్టీ వంగుతుంది కనుక, పట్టీకి బదులు 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చక్రాన్ని వాడి, దాని అంచు మీదుగా దారం దింపడం మేలు. ఎంత తిరిగినా దూరం మారదు. అప్పుడు దూరమంటే చక్రపు వ్యాసార్ధానికి దారం మందంలో సగం కలిపినది. ఒక మిల్లీమీటరు మందం ఉన్న దారంతో ఇదే అర శాతం అవుతుంది కనుక వీలైనంత సన్నని, సాగని దారం తీసుకోండి. పట్టీనే వాడతామంటే రెండో వైపు సమాన బరువు పెట్టి పట్టీ సొంత బరువును తూచివేయాలి. లేకపోతే 50 గ్రాముల పట్టీ తానే 5 సెంటీమీటర్ల దగ్గర వేలాడుతున్న బరువులా పనిచేసి, 0.25 కేజీ-సెంటీమీటర్లు, అంటే మీ 5లో 5 శాతం కలుపుతుంది.

ఈ సరిచూపు మీ లోపలి జాగ్రత్తకే. కొనుగోలుదారుకు చూపవలసిన సర్టిఫికెట్టు, న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ప్రమాణాలతో గొలుసుకట్టుగా ముడిపడి, ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు పొందిన ల్యాబు నుంచే రావాలి. మీరు వేరే గడువు నిర్ణయించుకోకపోతే ఐఎస్‌ఓ 6789 సూచించేది 12 నెలలు లేదా 5,000 సార్లు వాడకం, ఏది ముందైతే అది. రోజుకు రెండు మూడు వందల స్క్రూలు బిగించే లైనులో 5,000 ఒక నెలలోనే పూర్తవుతుంది కనుక మీ నెలవారీ ఆలోచన సరైనదే.

ప్రశ్న: నేను దంతవైద్యురాలిని. ఇంప్లాంట్ స్క్రూలు బిగించే రాట్చెట్ మీద 35 న్యూటన్-సెంటీమీటర్లు అని ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేసే మా తమ్ముడు తమ దగ్గర సెంటీన్యూటన్-మీటర్లు వాడతారని, రెండూ వేరని అంటాడు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, జయనగర్

జవాబు: రెండూ ఒకటే. న్యూటన్‌ను సెంటీమీటరుతో గుణించినా, న్యూటన్‌లో వందో వంతును మీటరుతో గుణించినా వచ్చేది న్యూటన్-మీటరులో వందో వంతే. మీ 35 అంటే 0.35 న్యూటన్-మీటర్లు, కేజీ-సెంటీమీటర్లలో 3.57. మీ తమ్ముడు రేడియో కనెక్టర్ల పని చూస్తున్నట్లయితే, ఇత్తడి ఎస్‌ఎంఏ కనెక్టరుకు సాధారణంగా చెప్పే 5 పౌండు-అంగుళాలు వారి కాగితాల్లో 56 దగ్గర కనిపిస్తుంది, అదీ ఇదే యూనిట్. వేరుగా చూడవలసినది మిల్లీన్యూటన్-మీటరు. అది మీ యూనిట్‌లో పదో వంతు. 35 న్యూటన్-సెంటీమీటర్లు 350 మిల్లీన్యూటన్-మీటర్లు. ఏ స్క్రూకు ఎంత టార్క్ అన్నది మాత్రం ఇంప్లాంట్ తయారీదారు ఇచ్చిన అంకెనే పాటించండి.

ప్రశ్న: న్యూటన్-మీటరు అంటే జౌలే కదా, మరి టార్కును జౌళ్లలో ఎందుకు రాయరు?
— ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: కొలతల పరంగా రెండూ ఒకే రూపంలో ఉన్నా, టార్కును జౌళ్లలో రాయకూడదన్నది ఎస్‌ఐ పద్ధతి. టార్కును తిరిగిన కోణంతో గుణిస్తేనే శక్తి వస్తుంది. 0.5 న్యూటన్-మీటర్ల టార్కుతో ఒక పూర్తి చుట్టు తిప్పితే 3.14 జౌళ్ల పని జరుగుతుంది. అదే టార్క్ బిగించిన స్క్రూ మీద కదలిక లేకుండా నిలిచి ఉంటే పని సున్నా. గుర్తు రాసేటప్పుడు న్యూటన్ ముందు, మీటరు తరువాత రాయడం కూడా అవసరం. తిరగేస్తే మీటరు గుర్తు మిల్లీ గుర్తులా చదవబడి, అది మిల్లీన్యూటన్ అనే బలంగా మారిపోతుంది.

ప్రశ్న: మా క్వాలిటీ విభాగంలో పాత రికార్డులను ఒకే ఎక్సెల్ పట్టికలోకి చేరుస్తున్నాము. కొన్ని చోట్ల యూనిట్ అసలు రాయలేదు, కొన్ని చోట్ల తప్పు రాసి ఉన్నట్టుంది. ఎలా సరిచేయాలి?
— ఒక ఉద్యోగి, ఎలక్ట్రానిక్స్ సిటీ

జవాబు: పట్టికలో టార్కుకు ఒక గడి చాలదు. డ్రాయింగులో గానీ పనిముట్టు మీద గానీ ఉన్న అంకె ఒక గడిలో, దాని యూనిట్ రెండో గడిలో, న్యూటన్-మీటర్లలోకి మార్చినది మూడో గడిలో ఉండాలి. మొదటి రెండింటినీ ఎన్నడూ చెరపవద్దు. మార్చిన అంకె నుంచి మరో యూనిట్‌కు మళ్లీ మార్చవద్దు. ప్రతి మార్పిడీ మొదటి అంకె నుంచే జరగాలి. లేకపోతే ఒక్కో అడుగులో కుదించిన దశాంశాలన్నీ పోగుపడతాయి. గుణకాలను పూర్తి అంకెలతో, అంటే 0.0980665, 0.1129848, 0.00706155గా, విడి గడుల్లో ఉంచి సూత్రాలన్నీ వాటినే చూసేట్టు పెట్టండి. కుదింపు చివర చూపించే చోట మాత్రమే ఉండాలి.

తప్పు యూనిట్ అనుమానం ఉన్న వరుసల్లో, అదే భాగానికి డ్రాయింగులో ఉన్న విలువతో రికార్డు విలువను భాగించి చూడండి. వచ్చే నిష్పత్తి తరచుగా ఆచూకీ చెబుతుంది. పన్నెండు వస్తే అడుగుకూ అంగుళానికీ, పదహారు వస్తే పౌండుకూ ఔన్సుకూ మధ్య గందరగోళం జరిగినట్టు. 9.8 వస్తే కేజీ-సెంటీమీటరును న్యూటన్-సెంటీమీటరుగా, 13.9 వస్తే కేజీ-సెంటీమీటరును ఔన్సు-అంగుళంగా రాసినట్టు. సరిగ్గా 10 వస్తే మాత్రం అది 9.8 కాదు, అక్కడ దశాంశ బిందువు జరిగి ఉండాలి, లేదా మిల్లీ, సెంటీ తారుమారై ఉండాలి. పదికీ 9.8కీ మధ్య రెండు శాతం తేడాను పోల్చగలగాలంటే రికార్డులో కనీసం మూడు అంకెలు ఉండాలి. "5" అని మాత్రమే రాసిన వరుసలో ఈ పరీక్ష పనికిరాదు. 1.15 వచ్చిన వరుసలను వేరే రంగుతో గుర్తించి పెట్టుకోండి. అవి యూనిట్ తప్పు వల్ల రావచ్చు, పనిముట్టు నిజంగా పదిహేను శాతం తప్పు చూపడం వల్లా రావచ్చు. అంకెల నుంచి ఆ రెండింటినీ విడదీయలేము.

అటువంటి వరుసలకూ, యూనిట్ అసలు లేని వరుసలకూ ఊహించి యూనిట్ నింపవద్దు. ఆ బిగింపుకు ఏ పనిముట్టు వాడారో దాని వరుస సంఖ్యను బట్టి తెలుసుకుని, దాని మీద ఏ స్కేలు ఉందో, ఆ తేదీకి ముందూ వెనుకా ఉన్న క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్లలో ఏ యూనిట్ ఉందో చూడండి. అదీ దొరకకపోతే యూనిట్ గడిని ఖాళీగానే ఉంచి, ఆ భాగాలు ఇంకా స్టోరులో ఉంటే వాటిని తిరిగి పరీక్షకు పంపించండి.